ఒర్రెలో కంప

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను ఎక్కువసార్లు రాసిన వాక్యం 'అడ్డు తొలగించడమైనది' అని. నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేరి అదే హోదాలో పదవీ విరమణ చేశాను. కొన్నాళ్లు వైరా వైపు, కొన్నాళ్లు సత్తుపల్లి వైపు, చివరికి ఈ అడవి అంచున. ఎక్కడున్నా పని ఒక్కటే. ఏటా వానలకు ముందు కాలువల్లో పెరిగిన తూటికాడను, తుమ్మ మొలకలను, కొట్టుకొచ్చిన కొమ్మలను తీయించాలి. నీళ్లు మధ్యలో ఆగితే చివరి పొలానికి అందవు. చివరి రైతు వచ్చి నా ముందు నిలబడతాడు. నీళ్లకు అడ్డం వచ్చేది ఏదైనా తప్పే అని ముప్పై ఏళ్లలో నా కంటికి అలవాటైపోయింది. ఆ అలవాటు వల్ల ఒక మనిషికి జరిగిన నష్టం గురించి ఇది రాస్తున్నాను.

మేమున్న కాలనీ బూర్గంపాడు దాటి అడవి మొదలయ్యే చోట, ఒక చిన్న గుట్ట కింద ఉంది. ఇక్కడ ఇళ్లు కట్టుకున్నవాళ్లలో చాలామంది గోదావరి వరదలో ఇంట్లోకి నీళ్లు వస్తే సామాన్లు నెత్తిన పెట్టుకుని బయటపడ్డవాళ్లే. ఎత్తు చూసుకుని స్థలాలు కొన్నారు. వాళ్లకు నీళ్లంటే ఒకటే కోరిక, వచ్చిన దారిన తొందరగా వెళ్లిపోవాలి. వాన గట్టిగా పడిన రోజు ఒకరింటి గేటు దగ్గరికి మరొకరు వచ్చి కాలువలు చూసుకోవడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

గుట్ట మీది వాన నీరు దిగే చిన్న పాయను ఇక్కడ ఒర్రె అంటారు. మా ఒర్రె కాలనీ పక్కనుంచి దిగి రోడ్డు కింది తూములో దూరి వాగులో కలుస్తుంది. ఒర్రెకు, మా ఇళ్లకు మధ్య ఎకరానికి కాస్త తక్కువ ఖాళీ జాగా ఉండేది. రెండు ఇప్పచెట్లు, ఒక తునికి, మోదుగు పొదలు, మోకాలి లోతు ఆకు. ఒర్రెలో అయితే మనిషి నడిచే వీలు లేదు. పది పదిహేను గజాలకు ఒకచోట అడ్డంగా ముళ్లకంప, దాని మీద రాళ్లు, వాటి వెనక ఏళ్ల తరబడి పేరుకున్న నల్లటి ఒండ్రు, ఆ ఒండ్రులో రెల్లు. చూసిన ప్రతిసారీ నాకు చేతులు దురద పెట్టేవి.

ఆ జాగాలో పార్కు కావాలని కాలనీ కమిటీ తీర్మానించింది. అధ్యక్షుడు తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొనుక్కున్న కుటుంబం వాడు. మా ఇంటికొచ్చి, "ఇన్‌స్పెక్టరు గారూ, ఇంజనీరును పిలిస్తే బొమ్మ గీసి పోతాడు. మీరైతే వాన కొలుస్తూ కూర్చునే మనిషి. ఇది మీ చేతుల మీదుగానే జరగాలండీ" అన్నాడు.

నిజమే, నేను వాన కొలుస్తాను. పెరట్లో వర్షమాపకం ఉంది. ఉదయం ఎనిమిదిన్నరకు చూసి డైరీలో రాస్తాను. ఉద్యోగంలో పట్టుకున్న అలవాటు. దాంతోపాటు ప్రతినెలా ఒకటో తారీఖున ఒక బావిలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కూడా రాస్తాను. ఆ బావి నాది కాదు.

ఖాళీ జాగాకు దిగువన, రోడ్డుకు ఇవతల, ఒక కోయ అవ్వకు అరెకరం చేను, రెండు గదుల ఇల్లు, ఒక చేదబావి ఉన్నాయి. నాకంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. కాలనీలో అందరూ అవ్వ అంటారు కనుక నేనూ అట్లాగే పిలిచేవాడిని. భర్త పోయాడు, పిల్లలు లేరు. చేలో కందులు, గట్టున బీర, దోస, బావి పక్కన మునగ, నాలుగు అరటిచెట్లు. కాలనీ ఆడవాళ్లు కూరగాయలకు ఆమె దగ్గరికే వెళ్లేవారు. మొదటిసారి నేను మూరకొక ముడి వేసిన తాడు, చివర రాయి కట్టుకుని వెళ్లి, బావి కొలుచుకోవచ్చా అని అడిగినప్పుడు ఆమె చాలాసేపు నవ్వింది.

"మా బాయికి జరమొచ్చిందా సారూ, చెయ్యి పట్టి చూస్తవా?"

"ఊరికే అవ్వా. రాసుకుంటాను."

"రాసుకో. బాయికేం, సదువు రాదు. కోప్పడది."

ఆ తర్వాత ఒకటో తారీఖు దాటి నేను రెండు రోజులు ఆలస్యం చేస్తే, "నీ బాయి ఎదురు చూస్తున్నది సారూ" అని మా ఇంటి గేటు దగ్గర నుంచి కేకేసేది.

పార్కు ప్లాను నేను వారం రోజుల్లో వేశాను. మేస్త్రీ దగ్గర నీటిగొట్టం తీసుకుని ఎత్తుపల్లాలు చూశాను. నడక దారికి పేవర్ టైల్స్, మధ్యలో లాన్, అంచున నర్సరీ నుంచి తెచ్చే పూలమొక్కలు. ఒర్రెను తిన్నగా చేసి రెండు వైపులా, అడుగున కాంక్రీటు. ఇప్పచెట్లు ఉంచాను, నీడ ఉంటుందని. కాగితం మీద చాలా శుభ్రంగా కనిపించింది. మా ఆవిడ అది చూసి, "కాలువ గీసి పక్కన గడ్డి పెట్టారు. ముప్పై ఏళ్లు చూసింది అదే కదా" అంది. తమాషాకు అంటోంది అనుకున్నాను.

ఏప్రిల్‌లో మట్టి తవ్వే మిషన్ దిగింది. ఒర్రెలో మొదటి కంప లాగుతుండగా అవ్వ చేలోంచి వచ్చింది. చేతిలో కొడవలి ఉంది, కోతలో ఉన్నట్టుంది.

"గా కంప మేం ఏసింది సారూ."

"మీరా? ఎందుకు?"

"మా అత్త ఏసేది. గామె ముందు గామె అత్త. భూమి పండుగకు ముందు ఏటా పాత కంప మీద కొత్త కంప పెడ్తం. పెట్టినంకనే ఇత్తనం."

పండుగ తంతు అనుకున్నాను. అక్కడే నా చెవి మూసుకుపోయింది. కంప కుళ్లితే దోమలు వస్తాయని, పెద్దవాన పడితే ఒర్రె పొంగి ఇళ్ల మీదికి వస్తుందని ఆమెకు వివరంగా చెప్పాను. చేయి చాపి తూము వైపు చూపిస్తూ నీళ్లు ఇక ఎంత సాఫీగా పోతాయో కూడా చెప్పాను.

"పోతయి సారూ, నాకు ఎరుకే. పోవుడేంది? ఆగాలె గద."

"ఆగితే ప్రమాదం అవ్వా."

ఆమె మిషన్ వైపు, నా వైపు చూసింది. "నువ్వు సదువుకున్నోనివి. జూసి చెయ్యి" అని వెళ్లిపోయింది. ఆ మాటను ఒప్పుకోలు కింద లెక్కేసుకున్నాను. ఒండ్రుమట్టి ట్రాక్టర్లకెత్తి కాలనీలో పల్లంగా ఉన్న ప్లాట్లలో పోశారు. నల్లగా, మెత్తగా, చేతిలోకి తీసుకుంటే చల్లగా ఉంది. ఆ రోజు డైరీలో ఉద్యోగంలో రాసినట్టే రాశాను: 'ఒర్రెలో అడ్డు తొలగింపు పూర్తి.'

పార్కు అందరికీ నచ్చింది. జూలైలో మొదటి పెద్దవాన పడినప్పుడు నేను గొడుగు వేసుకుని కాలువ పక్కన నిలబడ్డాను. గుట్ట మీద నుంచి ఎర్రటి నీళ్లు చప్పుడు చేస్తూ వచ్చి, ఎక్కడా తాకకుండా, తూములో దూరి పోయాయి. వాన ఆగిన అరగంటకు కాలువ అడుగు కనిపించింది. అధ్యక్షుడు లుంగీ ఎగగట్టుకుని వచ్చి, "చూశారా! చుక్క నిలవలేదు" అని నా భుజం తట్టాడు. నాకు చాలా సంతోషం కలిగింది.

ఆ చలికాలం చివర్లో నీళ్లు తాకేసరికి తాడు నాలుగు ముడులు ఎక్కువ దిగింది. వాన తక్కువేమో అని రాసుకున్నాను. మరుసటి ఏడు వానలు బాగానే పడ్డాయి. అయినా సంక్రాంతి వెళ్లిన నెలకే తాడు అడుగున బురద తాకింది. అరటిచెట్లు వాలిపోయి ఉన్నాయి. నేను తాడు చుట్టుకుంటుంటే అవ్వ గిలక వైపు చూస్తూ కూర్చుంది. ఆ రెండేళ్లలో ఆమె నాతో పరాచికాలాడటం మానేసిందని నాకు అప్పుడు కూడా తట్టలేదు.

మార్చి ఒకటిన వెళ్లేసరికి బావిలో నీళ్లు లేవు. ఆమె బిందె తీసుకుని కాలనీ ట్యాంకు దగ్గరికి బయలుదేరుతోంది.

"ఇగ కొలిసేది లేదు సారూ" అంది.

"వానలకు వస్తాయి అవ్వా."

"వానల ఒస్తయి. వానతోటే పోతయి. ముందటేడు దోసకాయ పోయింది, నిరుడు బీర పోయింది. గోదారి అవతల మా చెల్లె ఉన్నది, రమ్మంటున్నది. వచ్చే ఎండకాలం దాక చూస్త. గప్పుడు గిట్లనే ఉంటే పోవుడే."

"చేను?"

"బాయి లేని చేన్ల ముసలిదాన్ని, ఏం జేసుకోను? పెండ్లయి వచ్చిన కాన్నుంచి ఈడనే ఉన్న సారూ. ఆయన్ని బొంద పెట్టింది గూడ గీ గట్టు మీదనే." బిందె చంకకెత్తుకుని, ట్యాంకు దగ్గర వరుస ఉంటుందని చెప్పి వెళ్లిపోయింది.

నేను ఇంటికి వచ్చి పాత డైరీలు దించాను. ఒక తెల్లకాగితం మీద ఎడమవైపు నెల నెలా వాన, కుడివైపు బావి లోతు వేసుకుంటూ వచ్చాను. రెండు మధ్యాహ్నాలు పట్టింది. పార్కుకు ముందు సంవత్సరాల్లో వాన సగమే పడిన ఏడు కూడా మే నెలలో బావిలో నాలుగైదు మూరల నీళ్లున్నాయి. పార్కు తర్వాత మంచి వాన పడిన ఏడు ఫిబ్రవరికి బురద. ఎటు తిప్పి చూసినా మార్పు మొదలైంది మిషన్ దిగిన ఏప్రిల్ తర్వాతే. అన్నీ నేను నా చేతితో రాసినవే. ప్రతినెలా రాశాను, ఒక్కసారీ చదవలేదు.

మా ఆవిడ వచ్చి కాగితం చూసింది. నేను చెప్పేది విని, "ఆ రోజు ఆమె వచ్చి చెప్పింది కదా" అంది.

"చెప్పింది."

"ఇంత లెక్క వేస్తే గానీ నమ్మకం కలగలేదన్నమాట" అని టీ గ్లాసు అక్కడ పెట్టి వెళ్లింది.

మరునాడు పొద్దున్నే అవ్వ దగ్గరికి వెళ్లాను. తప్పు నాదేనని చెప్పాను. కంప వెనక నీళ్లు ఆగి, ఆ ఒండ్రులో ఇంకి, నెమ్మదిగా ఆమె బావికి ఊరేవని, నేను ఆ దారి మూసేశానని చెప్పాను. ఆమె కందులు చెరుగుతోంది. చేట ఆపలేదు.

"గిది నువ్వు నాకు చెప్తున్నవా సారూ?"

చేటలోని పొట్టు ఊదేసి మళ్లీ ఆమే అడిగింది.

"సరె. ఇప్పుడేం జేస్తవ్?"

"కాంక్రీటు పగలగొట్టిస్తాను. కంప ఎట్లా వేయాలో నువ్వు చూపించాలి."

"మీవోళ్లు ఒప్పుతరా?"

"తెలియదు."

"ఒప్పినంక రా" అంది.

కమిటీ సమావేశం పార్కులోనే జరిగింది. నేను కాగితం చదివి వినిపించాను. కాలువ అడుగున కాంక్రీటు తీసేయాలి, లాన్‌లో సగం తీసి ఒర్రె పొంగినప్పుడు నీళ్లు నిలిచేట్టు పల్లం చేయాలి, పూలమొక్కలకు బదులు ఇక్కడివే మద్ది, కానుగ, వెదురు పెట్టాలి అన్నాను. అందరూ ఒకేసారి మాట్లాడారు.

"ఏమండీ, మేము గోదారికి దడిసి ఇక్కడికొస్తే మీరు నీళ్లు తెచ్చి గుమ్మంలో పెడతానంటారేంటి?" అన్నాడు అధ్యక్షుడు.

"గుమ్మంలోకి రావు. పల్లంలో ఒకటి రెండు రోజులు ఉంటాయి."

"అప్పుడూ ఇట్లాగే చెప్పారు కదండీ, కాంక్రీటు వేస్తే ఏ నష్టమూ లేదని."

"చెప్పాను. అప్పుడు చెప్పింది తప్పు."

మా పక్కింటాయన, పదవీ విరమణ చేసిన కండక్టరు, మొదటి నుంచీ తలవంచుకుని వింటున్నాడు. "ఒక్క మాట అడుగుత సార్. ఆ అవ్వ బాయి ఎండితె మన బోర్లు మాత్రం ఎన్నాళ్లుంటయి? నాది పోయినేడాది నుంచి గాలే కొడ్తున్నది. ఎవలకు చెప్పలే, ఇల్లు అమ్ముడు పోదని" అన్నాడు. ఎవరో నవ్వారు. తర్వాత ఇంకొకరు తమ బోరు సంగతి చెప్పారు. ఆ మధ్యాహ్నం వాళ్లు ఒప్పుకున్నది అవ్వ కోసం కాదు, నా కాగితం చూసి కాదు. అది దాచిపెట్టి రాయడం ఇష్టం లేదు. ఇళ్లలోకి నీళ్లు వస్తే బాధ్యత నాదేనని తీర్మానంలో రాయించి సంతకం పెట్టించుకున్నారు. పెట్టాను.

మే నెలలో కాంక్రీటు పగిలింది. కూలీలు ముక్కలు ఒడ్డుకు మోశారు. అవ్వ వచ్చి ఒర్రె పై నుంచి కిందిదాకా ఒకసారి నడిచింది. నేను టేపు పట్టుకుని వెనక నడిచాను. ఎక్కడ ఆగిందో అక్కడ మడమతో నేల మీద గీత పెట్టింది. నేను సమాన దూరంలో మేకులు పాతుకుని వచ్చాను. ఆమె గీతలు వాటిలో ఒక్కదానితోనూ కలవలేదు.

"ఇక్కడెందుకు? మలుపు కదా, నీళ్లకు కొట్టుకుపోతుంది" అన్నాను ఒకచోట.

"మలుపుకాడ నీళ్లకు కోపముంటది. మలుపు ముందల పెట్టాలె, మలుపుల గాదు. సరింగ జూడు, నేన్ గీత పెట్టింది ముందల్నే."

చూశాను. ముందరే ఉంది.

కంప వేసేటప్పుడు నేను కూలీలతో వైరు తెప్పించి బిగించబోతే నా చేతిలోంచి లాక్కుంది. "గట్టిగ కట్టకు సారూ. ఊపిరాడాలె దానికి. నీళ్లు ఆగుడు గాదు, తచ్చాడాలె." మొదలు అడుగున రాళ్లు, వాటి మీద కంప, కొసలు పైకి, మళ్లీ రాళ్లు. చివరికి ఇప్పచెట్ల కింద ఊడ్చిన ఆకు తట్టలతో తెచ్చి వెనక పోయించింది. "పాతయి ఉంటె గీ పని ఇంత ఉండకపోతుండె. ఏటా ఒక్క వరస పెడితె సాలు. నువ్వు ఒక్క పూటల మా అత్తలను, వాళ్ల అత్తలను తట్టల ఎత్తి పోస్తివి." కోపంగా అనలేదు. పని మధ్యలో, ఆకు తట్ట దులుపుతూ అంది. ఆ నల్లమట్టి ఇప్పుడు ఏడు ఇళ్ల పునాదుల కింద ఉంది. తిరిగి తేగలిగేది కాదు.

ఆ ఏడు జూలై చివర రెండు రోజులు ఆగకుండా వాన పడింది. రెండో రోజు పొద్దున లాన్ స్థానంలో చేసిన పల్లమంతా నిండింది. నీళ్లు ఉబికి దారి మీదికి, దారి మీద నుంచి అన్నిటికంటే దిగువన ఉన్న మా ఇంటి గేటులోకి వచ్చాయి. వర్షమాపకం దగ్గరికి వెళ్లడానికి పిక్కల లోతు నీళ్లలో నడిచాను. మిగతా ఇళ్లలోకి రాలేదు. అధ్యక్షుడు గోడ అవతల నుంచి చూసి, "బాధ్యత మీ గేటు వెతుక్కుంటూ వచ్చిందండీ" అన్నాడు. మూడో రోజుకు నీళ్లు ఇంకాయి. పేవర్ టైల్స్ కొన్ని లేచిపోయాయి. ఒర్రెలో ఒక కంప సగం కొట్టుకుపోయింది. మిగిలిన వాటి వెనక బొటనవేలు మందాన కొత్త ఒండ్రు పడింది. ఆ మందం చూసి, పాతది ఎన్ని వానలకు పేరుకుందో లెక్క వేయడానికి కూర్చుని, వేయకుండానే లేచాను.

ఫిబ్రవరిలో బావిలో మూడు మూరల నీళ్లున్నాయి. మార్చిలో రెండు. ఏప్రిల్‌లో ముడి తడవలేదు, తాడు చివర మాత్రమే తడిసింది. నాకు ఆ నెలంతా నిద్ర సరిగ్గా లేదు. ఇంకో మూడు నాలుగేళ్లు పడితే బావి నిలదొక్కుకుంటుందని నాకు తెలుసు. అయితే ఆమె చెప్పిన గడువు ఈ ఎండకాలమే.

మే మొదటి రోజు ఉదయం వెళ్లాను. అవ్వ బావి గట్టు మీద బొక్కెన పక్కన పెట్టుకుని కూర్చుంది. బిందె సగం నిండి ఉంది. అడుగున నీళ్లు బురదగా ఉన్నాయని, ఒకసారి తోడాక మళ్లీ చేరడానికి చాలాసేపు పడుతోందని చెప్పింది. చేను సగం బీడుగానే ఉంది. అరటిచెట్ల మోళ్లు అట్లాగే ఉన్నాయి. మునగ మాత్రం చిగురు పట్టింది.

నేను అడగకముందే ఆమే అంది.

"నిన్న చెల్లె కొడుకు బండి మీద వచ్చిండు తీస్కపోను. ఈ ఏడు రానని చెప్పి పంపిన."

"వచ్చే ఏడు?"

"వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు. గీ నెలల భూమి పండుగ ఉన్నది, కంప కొట్టాలె. నా చేతులు వస్తలేవు. నువ్వొస్తవా?"

"వస్తాను."

తాడు వేయబోయాను. ఆమె చేయి అడ్డం పెట్టింది.

"ఆగు సారూ, రాయి ఏస్తె మళ్ల బురద లేస్తది. ఊరుతున్నది. ఊరనియ్యి."

తాడు పక్కన పెట్టి గట్టు మీద ఆమెకు ఎదురుగా కూర్చున్నాను. ఎండ ఇంకా బావిలోకి దిగలేదు. ఇద్దరం లోపలికి చూస్తూ, మిగతా సగం బిందెకు సరిపడా నీళ్లు చేరేదాకా అక్కడే ఉన్నాం.